బ్రాకెట్లో మిగిలిపోయిన జేజి

మా వదినకు బెంగళూరులో ఉద్యోగం. ప్రసూతి సెలవు 26 వారాలు అయిపోయింది, దాని వెనక పెట్టిన జీతం లేని సెలవు కూడా అయిపోయింది. పాపకు 13 నెలలు. వారమంతా పాపను అనంతపురంలో మా అమ్మ దగ్గర, అంటే పాపకు జేజి (నాయనమ్మ) దగ్గర ఉంచి, శుక్రవారం రాత్రి బస్సెక్కి వచ్చి, ఆదివారం రాత్రి తిరిగి పోదామని అన్న, వదిన అనుకున్నారు. ఈ సంగతి తెలిసిన రోజే ఇంటి వాట్సాప్ గ్రూపులో పెద్దమ్మ ఒక వీడియో పెట్టింది. మూడేళ్ల దాకా తల్లి పక్కన లేకపోతే బిడ్డ మెదడు సరిగ్గా ఎదగదని 'పరిశోధనలో తేలింది' అంటూ అందులో ఒకాయన బల్ల గుద్ది చెప్తున్నాడు. ఎవరి పరిశోధన, ఏ ఊర్లో, ఎంతమంది పిల్లల మీద? ఆ ఊసే లేదు.

కింద చిన్నాయన రాశాడు: "మనమంతా జేజి కాడ పెరిగినోళ్లమే కదా, మనకేమైంది?"

పెద్దమ్మ జవాబు: "అదే చూస్తాండాం కదా."

గ్రూపంతా నవ్వుకుంది. వదిన మాత్రం ఆ రాత్రి ఫోన్ చేసి "నేను ఉద్యోగం మానేయాల్నా?" అని అడిగింది. మానాలో వద్దో చెప్పడానికి నేనెవరిని? కానీ ఆ వీడియోలో చెప్పిన 'పరిశోధన' కథేమిటో చూద్దామని కూర్చున్నాను. తీగ లాగితే డెబ్బై ఏళ్ల డొంక కదిలింది.

మా సీమలో ఇది ఒక్క ఇంటి గొడవ కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని అనంతపురం పల్లెల నుంచి బేల్దారి పనికి బెంగళూరు పోయేవాళ్లున్నారు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఇంటిపనికి కువైట్ పోయే ఆడవాళ్లున్నారు. ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికని, అంటే కోతల కాలపు కూలికని, గుంటూరు మిరప చేలకు పోయేవాళ్లున్నారు. వీళ్ల పిల్లల్లో ఎంతోమంది అవ్వ దగ్గరో జేజి దగ్గరో పెరుగుతారు. వదినకు కనీసం శుక్రవారం బస్సు ఉంది. కువైట్ పోయిన తల్లికి కాంట్రాక్టు ముగిసేదాకా అదీ లేదు. కాబట్టి ఆ వీడియో మాట నిజమైతే సీమలో సగం పల్లెలు తలకిందులై ఉండాలి. అబద్ధమైతే, ఆ తల్లుల నెత్తిన ఊరికే ఒక పాపం మోపినట్టు.

ఒక డాక్టరు, ఒక రిపోర్టు

ఆ మాటకు మూలం జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న పిల్లల గురించి నివేదిక రాయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయన్ను అడిగింది. 1951లో అది అచ్చయింది. అనాథాశ్రమాల్లో, ఆసుపత్రి వార్డుల్లో నెలల తరబడి ఉన్న పసివాళ్లకు తిండి, మందు, శుభ్రమైన పక్క అన్నీ ఉన్నా మొద్దుబారిపోతున్నారని అప్పటికే కొందరు డాక్టర్లు గమనించి ఉన్నారు. ఆ గమనికలన్నీ బౌల్బీ ఒకచోట పోగేశాడు. ఒంటికి విటమిన్లు ఎంత అవసరమో పసి మనసుకు తల్లి ప్రేమ అంత అవసరమని పోలిక చెప్పాడు.

ఆ రోజుల్లో ఇది చిన్న మాట కాదు. ఇంగ్లండులో ఆసుపత్రిలో చేరిన బిడ్డను చూడడానికి తల్లిదండ్రులను ఏ వారానికో కొద్దిసేపు రానిచ్చేవారు. తల్లిని చూస్తే పిల్లలు ఏడుస్తారు, వార్డు అల్లకల్లోలమవుతుంది అని వాదన. బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ల పాపను ఫిల్మ్ తీసి 1952లో చూపించాడు. కొందరు డాక్టర్లకు కోపమొచ్చింది. కానీ 1959కల్లా ప్రభుత్వం వేసిన కమిటీయే, తల్లిదండ్రులను వేళాపాళా లేకుండా రానివ్వండి అని సిఫారసు చేసింది. మన పెద్దాసుపత్రుల్లో పిల్లల వార్డుకు పోతే ప్రతి మంచం పక్కనా చాప, ఫ్లాస్కు, ఒక తల్లి, ఆమె వెనక ఒక అవ్వ ఉంటారు. మనకు మామూలుగా కనిపించే ఆ దృశ్యం కోసం అక్కడ కొట్లాడాల్సి వచ్చింది.

ఇక అసలు సంగతి. బిడ్డకు తల్లితో వెచ్చని, దగ్గరి, తెగిపోని బంధం ఉండాలని ఆ నివేదికలో రాస్తూ, 'తల్లి' అన్న మాట పక్కనే బౌల్బీ ఒక బ్రాకెట్ పెట్టాడు. తల్లి లేకుంటే, తల్లి స్థానంలో స్థిరంగా నిలిచే మనిషి అని ఆ బ్రాకెట్ అర్థం. అంటే మా జేజి ఆ బ్రాకెట్లో ఉంది. నివేదిక పత్రికలకెక్కి, పత్రికల నుంచి ప్రసంగాలకెక్కి, ప్రసంగాల నుంచి ఇప్పుడు వాట్సాప్‌కెక్కేసరికి బ్రాకెట్ రాలిపోయి తల్లి ఒక్కతే మిగిలింది. రాలిపోవడానికి కారణం కూడా ఊహించవచ్చు. యుద్ధంలో ఫ్యాక్టరీ పనికి పోయిన ఆడవాళ్లను తిరిగి ఇంటికి పంపాలనుకున్న కాలానికి ఆ ఒంటరి 'తల్లి' చక్కగా పనికొచ్చింది. బౌల్బీ తప్పు అందులో అసలు లేదని అనను. ఆ తర్వాతి రాతల్లో ఆయనే ఒక్క మనిషి మీద ఎక్కువ భారం పెట్టాడు. ఆ మనిషి సొంత కథ చూస్తే ఎందుకో కొంత అర్థమవుతుంది. లండన్‌లో డబ్బున్నవాళ్ల ఇంట పుట్టాడు. తల్లి రోజుకు ఒక గంటసేపు కనిపించేది. పెంచింది ఒక ఆయా. నాలుగేళ్లు నిండకముందే ఆ ఆయా ఇల్లు వదిలిపోయింది. ఆ దిగులు జీవితాంతం మోశాడు. గమనించండి, అంతగా వెలితి మిగిల్చి పోయింది కన్నతల్లి కాదు, బ్రాకెట్లో మనిషే.

ఇరవై నిమిషాల గది

బౌల్బీ దగ్గర పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1954లో ఉగాండా పోయింది. అక్కడి గాండా పల్లెల్లో బిడ్డకు పాలు మాన్పించేటప్పుడు కొన్నాళ్లు జేజి ఇంటికో బంధువుల ఇంటికో పంపే ఆనవాయితీ ఉందని విని, ఆ ఎడబాటు బిడ్డను ఏం చేస్తుందో చూద్దామనుకుంది. పోయి చూస్తే ఆ ఆనవాయితీ దాదాపు పోయింది. సరేనని 26 ఇళ్లలో కూర్చొని, పసివాళ్లు ఎవరి వెంట పాకుతున్నారు, ఎవరు పోతే ఏడుస్తున్నారు, ఎవరు ఎత్తుకుంటే ఊరుకుంటున్నారు అని నెలల తరబడి రాసుకుంది. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లోనూ అదే పని చేసింది. 26 కుటుంబాలు. మూడు వారాలకోసారి పోయి నాలుగేసి గంటలు, బిడ్డకు ఏడాది నిండేదాకా.

ఈ చాకిరీ అంతా జనం మరిచిపోయారు. దాని చివర ఆమె పెట్టిన ఒక చిన్న పరీక్ష మాత్రం లోకప్రసిద్ధమైంది. పేరు 'స్ట్రేంజ్ సిచ్యుయేషన్'. కొత్త గది, కొన్ని బొమ్మలు, తల్లి, ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు బిడ్డ. కాసేపటికి ఒక కొత్త మనిషి వస్తుంది. తల్లి లేచి పోతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది, మళ్లీ వస్తుంది. మొత్తం ఇరవై నిమిషాలు.

బిడ్డ ఏడ్చిందా లేదా అన్నదానికి కాదు ఇందులో మార్కులు. తల్లి తిరిగొచ్చినప్పుడు ఏం చేసింది అన్నదానికి. దగ్గరికొచ్చి, ఎత్తించుకుని, ఊరట పొంది, మళ్లీ బొమ్మల వైపు దిగిపోతే అది భద్రమైన అనుబంధం. తల్లి వచ్చినా చూడనట్టు ఆడుకుంటూ ఉంటే ఒక రకం. గట్టిగా పట్టుకుంటూనే కోపంతో తోసేస్తూ, ఎంతకీ ఊరుకోకపోతే ఇంకో రకం. పొంతన లేకుండా ప్రవర్తించే నాలుగో రకాన్ని తర్వాతి పరిశోధకులు చేర్చారు. తల్లి బిడ్డ సైగలను ఎంత బాగా పట్టుకుంటుంది, ఎంత వెంటనే స్పందిస్తుంది అన్నదానికీ ఈ రకాలకూ సంబంధం ఉందని ఐన్స్‌వర్త్ ఇళ్లలో రాసుకున్న నోట్సు చూపించింది. ఎన్ని గంటలు పక్కన ఉంది అన్నదాని కంటే, ఉన్నప్పుడు ఎలా ఉంది అన్నదే ఆమె కొలిచింది. ఈ తేడా వీడియో ఆయనకు పట్టలేదు.

ఆ గదిలో మా పాపను కూర్చోబెడితే? పొద్దున లేచింది మొదలు ఒకరి చంకలో నుంచి ఇంకొకరి చంకలోకి మారుతూ, పక్కింటి వాళ్లు కూడా వాకిట్లోంచి ఎత్తుకుపోయే పాప. ఖాళీ గదిలో ఒక్కతే ఉండడమనేది దాని అనుభవంలోనే లేదు. ఆకాశం బద్దలయ్యేలా ఏడుస్తుంది, తల్లి వచ్చినా అంత తొందరగా ఊరుకోదు. అప్పుడు కాగితం మీద దాని అనుబంధం 'భద్రం కాదు' అని పడుతుంది. జపాన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. తల్లిని వదిలి ఉండడం ఎరగని అక్కడి పిల్లలు ఆ గదిలో బెంబేలెత్తిపోయారు. ఉత్తర జర్మనీలోని ఒక ఊళ్లో తల్లి వచ్చినా పట్టించుకోని పిల్లలు ఎక్కువగా కనిపించారు. అక్కడ బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడాలని తొందరగా నేర్పిస్తారు. 1988లో ఇద్దరు డచ్ పరిశోధకులు 8 దేశాల్లో జరిగిన దాదాపు 2,000 పరీక్షలను కలిపి చూశారు. దేశానికీ దేశానికీ మధ్య ఉన్న తేడా కంటే ఒకే దేశంలో ఒక ఊరికీ ఇంకో ఊరికీ ఉన్న తేడానే ఎక్కువని తేలింది.

పరీక్ష పనికిరాదని చెప్పడం లేదు. అనుబంధం మీద ఇప్పటికీ అదే మంచి కొలబద్దల్లో ఒకటి. కానీ ఏడాది వయసులో వచ్చిన ఆ ఫలితానికీ ఆ బిడ్డ పెద్దయ్యాక ఎలా ఉంటాడన్నదానికీ మధ్య సంబంధం ఉన్నా అది అంత బలమైనది కాదు. జాతకం కాదు.

రాత్రి పక్కన ఎవరు?

అసలు పసిబిడ్డకు ఒక్కరితోనే బంధం కుదురుతుందా? గ్లాస్గోలో 60 మంది పసివాళ్లను ఏడాదిన్నర వయసు దాకా వెంబడించిన అధ్యయనం 1964లో వచ్చింది. 18 నెలలకు ఒక్క మనిషితోనే అనుబంధం ఉన్న పిల్లలు నూటికి 13 మందే. మిగతావాళ్లకు నాన్న, అవ్వ, అక్క, పక్కింటామె, ఎవరో ఒకరు ఇంకా ఉన్నారు. ఇది చదివి మా అమ్మ "ఇది తెలుసుకోడానికి గ్లాస్గో దాకా పోవాల్నా?" అంది.

అలాగని చేతులు ఎన్ని ఉంటే అంత మంచిదని అనుకోకూడదు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇజ్రాయెల్ కిబ్బుట్జ్‌ల కథ. అవి ఉమ్మడి వ్యవసాయ ఊళ్లు. వాటిలో కొన్నింట్లో పిల్లలు పగలంతా పిల్లల ఇంట్లో ఆయాల దగ్గర ఉండి, సాయంత్రం అమ్మానాన్నల దగ్గరికి పోయి, రాత్రికి మళ్లీ పిల్లల ఇంట్లోనే పడుకునేవారు. ఇంకొన్నింట్లో పగలు అదే పద్ధతి, రాత్రి నిద్ర మాత్రం సొంతింట్లో. 1994లో ఈ రెంటినీ పోల్చి చూశారు. ఇంట్లో పడుకునే పిల్లల్లో 80 శాతానికి తల్లితో భద్రమైన అనుబంధం ఉంది. పిల్లల ఇంట్లో పడుకునేవాళ్లలో 48 శాతానికే. చూసిన పిల్లలు యాభై మంది లోపే కాబట్టి ఈ అంకెలను రాతి మీద చెక్కనక్కర్లేదు. అయినా ఆ తేడా ఎక్కడ పుట్టిందో గమనించండి. పగటి ఎడబాటు ఇద్దరికీ ఒకటే. పిల్లల ఇంట్లో రాత్రి కాపలా ఆడవాళ్లు వంతుల వారీగా మారిపోతూ ఉండేవారు. చీకట్లో ఉలిక్కిపడి లేచిన బిడ్డ దగ్గరికి వచ్చేది తెలిసిన మనిషి కాదు.

దీనికి పరాకాష్ఠ రుమేనియా అనాథాశ్రమాలు. అక్కడి నియంత చౌషెస్కు పాలన 1989లో కూలాక వాటి సంగతి ప్రపంచానికి తెలిసింది. బుకారెస్ట్‌లో 2000 తర్వాత పరిశోధకులు ఆశ్రమాల్లో ఉన్న 136 మంది పసివాళ్లను తీసుకుని, చీటీ వేసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాల్లో పెట్టారు. మిగతావాళ్లు మామూలు ఏర్పాటులోనే ఉన్నారు. కుటుంబంలోకి పోయిన పిల్లలు తెలివిలో, అనుబంధంలో కోలుకున్నారు. రెండేళ్ల లోపే పోయినవాళ్లు మరింత బాగా. వీళ్లను పెంచింది కన్నతల్లులు కాదు. ఒక్క తల్లి లేకపోవడం కంటే, ప్రతి షిఫ్టుకూ మనిషి మారిపోవడమే ఆశ్రమంలో బిడ్డను దెబ్బతీసిందని దీన్ని బట్టి నాకు అర్థమైంది. బ్రాకెట్ కూడా ఖాళీగా ఉండడం అన్నమాట. వీడియో ఆయన భయపెట్టే మాట పుట్టింది ఇలాంటి ఆశ్రమాల ఫలితాల్లోంచే. నవ్వుతూ పాపకు రాగిజావ తాగించే జేజికి అవి అంటగట్టడం అన్యాయం.

ఉద్యోగం చేసే తల్లుల పిల్లల మీద నేరుగా జరిగిన పెద్ద అధ్యయనం అమెరికాది. 1991లో 10 చోట్ల 1,364 కుటుంబాలతో మొదలైంది. 15 నెలల వయసులో చూస్తే, బిడ్డ ఎన్ని గంటలు వేరేవాళ్ల దగ్గర ఉంది అన్నది ఒక్కటే అనుబంధాన్ని పాడుచేయలేదు. తల్లి బిడ్డను పట్టించుకునే తీరే బలంగా పనిచేసింది. అయితే ఇంట్లోనూ ఆ తీరు అంతంతమాత్రంగా ఉండి, బయట చూసుకునేవాళ్లూ సరిగ్గా లేకపోతే, లేదా వాళ్లు తరచూ మారిపోతుంటే, ఆ రెండూ కలిసి దెబ్బతీశాయి. ఎక్కువ గంటలు బయట గడిపిన పిల్లల్లో అల్లరి, మొండితనం కొద్దిగా ఎక్కువ కనిపించింది. ఆ 'కొద్దిగా' అన్న మాటను ఇరుపక్షాలూ తమకు నచ్చినట్టు సాగదీస్తుంటాయి.

మన జిల్లా పిల్లలే ఆ లెక్కల్లో

ఇంతసేపూ ఎక్కడెక్కడివో చెప్పాను. పిల్లల ఎదుగుదల మీద లోకంలో పేరున్న అధ్యయనాల్లో ఒకదాని లెక్కలు మన ఊళ్లలోంచే పోయాయి. 'యంగ్ లైవ్స్' అని దాని పేరు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపింది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, మన దేశం కలిపి 12,000 మంది పిల్లలు. మన దేశం నుంచి తీసుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నే. 2001-02లో పుట్టినవాళ్లు సుమారు 2,000 మంది, 1994-95లో పుట్టినవాళ్లు సుమారు 1,000 మంది. సీమ నుంచి అనంతపురం, కడప జిల్లాలు అందులో ఉన్నాయి. 2002 నుంచి కొన్నేళ్లకోసారి అవే ఇళ్ల తలుపు తట్టి, ఎత్తు, బరువు, చదువు, అప్పు, పంట, తల్లి ఆరోగ్యం అన్నీ రాసుకున్నారు. ఆ చిన్న పిల్లలకు ఇప్పుడు పెళ్లీడు.

మొదలుపెట్టిన ఏడాదే ఇక్కడ కరువు. పసితనంలో కరువు తగిలిన ఇళ్ల పిల్లలు ఎత్తులో, బరువులో వెనకబడ్డారు. ఆ తర్వాత బడిలో మధ్యాహ్న భోజనం దొరికిన పిల్లల్లో ఆ లోటు గట్టిగా పూడిందని ఈ లెక్కలతోనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2014లో చూపించారు. పసితనంలో తగిలిన దెబ్బ ఇక మానదని, మొదటి రెండు మూడేళ్లలో తలుపు మూసుకుపోతుందని చెప్పేవాళ్లకు ఇది మంచి జవాబు. మొదటి ఏళ్లు ముఖ్యమే, కాదనను. కానీ తలుపు పూర్తిగా మూసుకోదు. ఒక పళ్లెం అన్నం దాన్ని కొంత తెరిచింది.

ఇంకొకటి తల్లి మనసు గురించి. నిద్ర పట్టడం లేదా, ఊరికే ఏడుపొస్తోందా, పని మీద మనసు పోవడం లేదా అని తల్లులను 20 ప్రశ్నలు అడిగారు. దిగులు, ఆందోళన ఎక్కువున్న తల్లుల పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఎక్కువగా కనిపించారు. మన దగ్గర, వియత్నాంలో ఈ సంబంధం తేలింది. పెరూ, ఇథియోపియాలో అంత స్పష్టంగా తేలలేదు. తల్లి దిగులు బిడ్డ తిండి మీద పడిందా, బక్కచిక్కిన బిడ్డను చూసి తల్లికి దిగులు పట్టిందా, రెంటికీ వెనక ఉన్న అప్పు రెంటినీ తిన్నదా? బహుశా మూడూ. ఏది ఎంతైనా, ఉద్యోగం మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టిన తల్లి దిగులు పడుతూ కూర్చుంటే ఆ ఇరవై నాలుగు గంటల తోడు బిడ్డకు ఎంత మేలు చేస్తుందో లెక్క వేసుకోవాలి. పెద్దమ్మ వాట్సాప్ లెక్కలో ఈ పద్దు లేదు.

ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. తల్లులు ఆ పనికి పోతే పిల్లలు ఏమయ్యారు? యంగ్ లైవ్స్ లెక్కలనే తీసుకుని చేసిన ఒక విశ్లేషణలో, తల్లి పనికి పోయిన ఇళ్లలో పిల్లల చదువు మెరుగైందని తేలింది. చేతికి సొంత కూలి డబ్బు వచ్చేసరికి ఇంట్లో ఆమె మాట చెల్లడం దానికి ఒక కారణమని వాళ్లు చెప్పారు. దేశం మొత్తం లెక్కలతో చేసిన ఇంకో విశ్లేషణ మాత్రం, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో బడి మానేయడం పెరిగిందని చూపించింది. మగపిల్లలు కూలికి, ఆడపిల్లలు ఇంటిపనికి మళ్లారు. రెండూ నిజం కావచ్చు. తల్లి చీపురు కింద పెట్టి తట్ట ఎత్తుకుంటే, ఆ చీపురు ఎవరి చేతికి పోయిందన్నది చూడాలి. చంటిదాన్ని చంకనెత్తుకుని వాకిట్లో నిలబడ్డ పన్నెండేళ్ల అక్క ఏ ఊళ్లో లేదు?

కలిసి కనబడినంత మాత్రాన

నాకు అనుకూలమైనవే ఏరుకుని చెప్పి తప్పించుకుంటే వీడియో ఆయనకూ నాకూ తేడా ఉండదు. తల్లిదండ్రులు వలస పోయిన పిల్లల మీద వచ్చిన 111 అధ్యయనాలను కలిపి 2018లో ఒక సమీక్ష వెలువడింది. వాటిలో ఎక్కువ భాగం చైనావి. వెనక మిగిలిన పిల్లల్లో దిగులు, ఆందోళన, పోషకాహార లోపం మిగతావాళ్ల కంటే ఎక్కువని, వలస వల్ల వాళ్ల ఆరోగ్యానికి మేలు జరిగిన ఆనవాలు లేదని అది తేల్చింది. ఇది తేలిగ్గా తీసుకునే మాట కాదు. కువైట్ డబ్బుతో కట్టిన మేడ మీద ఒక్కతే కూర్చున్న పిల్ల గురించి మాట్లాడుకోవాల్సిందే.

కాకపోతే ఇలాంటి లెక్కలను చదవడానికి ఒక జాగ్రత్త కావాలి. వలస పోయిన ఇల్లు, పోని ఇల్లు మొదటి నుంచీ ఒకటి కాదు. బోరు ఎండిపోయి, అప్పు మీద పడి, కొన్నిసార్లు తాగుబోతు మొగుడి బాధ పడలేక తల్లి విమానమెక్కుతుంది. బిడ్డ దిగులు ఆమె పోయినందుకా, పోవాల్సి వచ్చిన పరిస్థితికా? వీధిలో గొడుగులు ఎక్కువున్న రోజే బురద ఎక్కువుంటుంది. గొడుగులు బురద చేయవు.

స్టాన్‌ఫర్డ్ మార్ష్‌మెలో పరీక్ష తెలిసే ఉంటుంది. మిఠాయి ముందు పెట్టి, కాసేపు తినకుండా ఆగితే ఇంకొకటి ఇస్తామంటారు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో రాణించారని ఏళ్ల తరబడి ప్రచారం జరిగింది. 2018లో 900 మందికి పైగా పిల్లలతో మళ్లీ చూసి, ఇంటి ఆర్థిక స్థితినీ తల్లి చదువునూ లెక్కలోకి తెస్తే ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది. ఇక 1968లోనే రిచర్డ్ బెల్ అనే మనస్తత్వవేత్త ఇంకో చురక వేశాడు. పెద్దల తీరు పిల్లలను మలుస్తుందని అందరూ రాస్తున్నారు, పిల్లల తీరు పెద్దలను మలచదా అని. చీటికీమాటికీ ఏడ్చే బిడ్డ తల్లికి ఓపిక నశించడం ఎవరు చూడలేదు? ఆ ఇంటికి పోయి లెక్క రాసుకున్నవాడు మాత్రం 'తల్లి విసుగు వల్ల బిడ్డ ఏడుస్తోంది' అని రాసుకుంటాడు.

శుక్రవారం బస్సు

ఇవన్నీ వదినకు ఒక్క ఫోన్ కాల్‌లో చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఎక్కువగా పనికొచ్చింది మార్ష్‌మెలో పరీక్షకే ఇంకో రూపం. 2013లో అమెరికాలో 28 మంది చిన్నపిల్లలతో చేశారు. మిఠాయికి ముందు ఒక పెద్దమనిషి సగం మందికి మంచి రంగుపెన్సిళ్లు తెస్తానని చెప్పి తెచ్చిచ్చింది. మిగతావాళ్లకు తెస్తానని చెప్పి, తీరా వచ్చి "లేవమ్మా" అంది. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు మిఠాయి ముందు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవాళ్లు మూడు నిమిషాలు. ఆగడం బిడ్డ గుణం మాత్రమే కాదు, ఎదుటి మనిషి మీద నమ్మకం కూడా.

మా ఇంట్లో అప్పటిదాకా పద్ధతి ఏమిటంటే, పాప నిద్రపోయాక వదిన చప్పుడు కాకుండా గేటు తీసి పోవడం. "చూస్తే ఏడుస్తుంది, ఇట్లే పోయిరామ్మా" అని అమ్మే పంపించేది. అది మార్చారు. ఇప్పుడు ఎత్తుకుని, ముద్దు పెట్టి, టాటా చెప్పి పోతుంది. పాప ఏడుస్తుంది. ఏడవనిస్తారు. ముందుగా రెండు వారాలు వదిన ఇక్కడే ఉండి, పాపకు స్నానం, నిద్ర అమ్మ చేతికి అలవాటు చేసింది. రాత్రి పక్కన పడుకునేది ఎప్పుడూ అమ్మే, ఆ ఒక్క విషయంలో వంతులు లేవు. వీడియో కాల్‌కు అడ్డు చెప్పలేదు. ఏడాదిన్నర లోపు పిల్లలకు స్క్రీన్ వద్దని చెప్పే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2016లో మనుషులతో మాట్లాడే వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది.

అమ్మ గురించి ఎవరూ అడగలేదని నాకు కొంచెం ఆలస్యంగా తట్టింది. అరవై దాటాయి, మోకాళ్ల నొప్పి. జేజి అంటే అలసట తెలియని మనిషి అన్నట్టు మాట్లాడుకున్నాం అందరం, నాతో సహా. పొద్దున నాలుగు గంటలు చేయడానికి ఒక పనిమనిషిని పెట్టారు, కానీ ఆమె పనులు ఇంటివి, పాపవి కావు. మధ్యాహ్నం అమ్మ, పాప కింద చాప మీద కూర్చొని డబ్బాలో గరిటె వేసి గిలకొట్టుకుంటారు. జమైకాలో 1980లలో సరిగ్గా ఎదగని 129 మంది పసిపిల్లల్లో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి పోయి, ఇంట్లో దొరికే డబ్బాలు, గుడ్డలతోనే తల్లులకు ఆటలు నేర్పారు. రెండేళ్లు. ఆ ఆటలు అందుకున్న పిల్లలు ఇరవై ఏళ్ల తర్వాత, అవి లేకుండా పెరిగిన తోటివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని 2014లో లెక్క తేలింది. ఇది చెప్తే అమ్మ గరిటె ఆపకుండా, "అయితే నాకేమన్నా ఇస్తారంటనా?" అంది.

మొన్న శుక్రవారం బస్సు లేటయ్యి వదిన అర్ధరాత్రి దాటాక వచ్చింది. పొద్దున పాప లేచి, పక్కన వదినను చూసి, మొహం అటు తిప్పుకుని జేజి కొంగులో దూరింది. వదిన నా వైపు చూసింది. ఇన్నాళ్లూ ఈ రకాల గురించి చెప్పింది నేనే కదా. ఏ రకమని చెప్పమంటుందో అని నేను పాల ప్యాకెట్ కోసం బయటికి నడిచాను. తిరిగొచ్చేసరికి పాప వదిన ఒళ్లో కూర్చొని ఆమె తాళిబొట్టు నోట్లో పెట్టుకుని నములుతోంది, జేజిని చేత్తో తోసేస్తోంది.